ఎవరి వెంటా పోని యంత్రం

ఇనుప బాబాయి ఇప్పటివరకు నలభై ఏడు గ్రహాలను భస్మం చేశాడు. అదీ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేలోపే. సాయంత్రం పూట మాత్రం ఆయన ఒక దోమను చంపిన దాఖలా కూడా లేదు. పక్క వాటా పిల్లి గుమ్మానికి అడ్డంగా పడుకుంటే దాన్ని అదిలించడానికి మనసొప్పక, చేతిలో సంచీతో పది నిమిషాలు మెట్ల మీద నిలబడిపోయే మనిషి. అయితే పిల్లి సంగతి వేరు, గ్రహాల సంగతి వేరు. పదకొండేళ్ళు, మూడు భాగాలు, నలభై ఏడు గ్రహాలు. లెక్క తప్పితే నలభై ఎనిమిది అవుతాయేమో గానీ తగ్గవు.

ఇదంతా కంప్యూటర్ మీద ఆడే ఒక ఆటలోని గొడవ. ఎక్కడో దూరదేశంలో ఒక కంపెనీ తయారుచేస్తుంది. అందులో ఆదియంత్రమని ఒకటుంది. నక్షత్రాలకన్నా ముసలిది. బుర్ర ఒకటే, ఒళ్ళు వేలు. తన ఆకాశంలో ఎక్కడైనా జనం పెరిగి, దీపాలు పెరిగి, వెలుగు మితిమీరిందంటే అక్కడ దిగి ఆర్పేస్తుంది. దీపాల్నీ, దీపాలు పెట్టినవాళ్ళనీ. అంతటి ఘనాపాఠి మన భాషలో మాట్లాడాలంటే ఎవరో ఒకరి గొంతు కావాలి కదా. ఆ గొంతు ఇనుప బాబాయిది. ఆయన మొదటిసారి మైకు ముందు "ఆరిపోండి" అన్నప్పుడు కింద టైర్ల కొట్లో బిగించిన నట్లు నాలుగు వాటంతటవే వదులయ్యాయని చెప్పుకుంటారు. కొట్టువాడు నాలుగే అంటాడు. నిజానికి ఆరు.

స్టూడియో ఆ టైర్ల కొట్టు పైనే. ఒకప్పటి గోదాము గది. గోడలనిండా నల్లటి స్పాంజి, మధ్యలో గాజు పలక. పలకకి ఇవతల బాబాయి, అవతల కత్తెర. కత్తెర అంటే శబ్దాలు పట్టే కుర్రాడు. కుర్రాడని పేరే గానీ, అతనికీ ముప్పై ఎనిమిదేళ్ళు. యంత్రం ఊపిరి పీల్చదు కాబట్టి బాబాయి మాటకీ మాటకీ మధ్య పీల్చే ఊపిరినంతా కోసి పారెయ్యడం అతని ముఖ్యమైన పని. పారెయ్యలేదనుకోండి. 'బాబాయి గాలి' అని ఒక ఫైలు పెట్టి పదకొండేళ్ళ ఊపిరీ అందులో దాచాడు. దాన్ని వరసగా వినిపిస్తే గాలివాన వచ్చిందని కింది కొట్టువాడు బయట పేర్చిన టైర్లు లోపల పెట్టుకున్నాడట.

మూడో మనిషి వదిన. దూరదేశపు మాటల్ని మన మాటల్లోకి మార్చేది ఆవిడే. కంపెనీతో ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా ఆవిడవే. వయసు తేడా లేకుండా అందరికీ వదినే. ఒక్క బాబాయి మాత్రం "అమ్మా" అంటాడు.

ఆ పనిలో ఒక చిత్రముంది. ఆట మాటలు కథ వరసలో రావు. ఎవరి మాటలు వాళ్ళకి, ముక్కలుముక్కలుగా, ముందూ వెనకా లేకుండా వస్తాయి. "కాదు" అని ఒకటి. "మీ మూడో చంద్రుడు కూడా" అని ఇంకొకటి. అవతలివాడు ఏమన్నాడో తెలియదు, తర్వాత ఏమైందో తెలియదు. అందుకని బాబాయికి నలభై ఏడు గ్రహాలు కాల్చినట్టు తెలుసు గానీ ఎందుకు కాల్చాడో నేటికీ పూర్తిగా తెలియదు. తెలుసుకోవాలన్న తపనతోనే కాబోలు, వచ్చిన ప్రతి మాటనూ పొడుగు నోటు పుస్తకాల్లో లావుపాటి అక్షరాలతో స్వయంగా రాసుకునేవాడు. చిన్న ఊపిరికి ఒక ఎర్ర గీత, పెద్ద ఊపిరికి రెండు. తర్వాత వాటినే విడి కాగితాల మీదికి ఎక్కించి, తిప్పితే చప్పుడవుతుందని, మైకు ముందు తీగ కట్టి బట్టలారేసే క్లిప్పులతో తగిలించి చదివేవాడు. లోకాలను గడగడలాడించే ఆదియంత్రం ఉతికిన బట్టల వరసలా కనిపించేది.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆయన బస్టాండులో మైకు మనిషి. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది, తప్పిపోయిన పాప విచారణ గదిలో ఉన్నది, అదీ పని. ఒక సోమవారం పొద్దున ఆ గదిలో చిన్న పెట్టె ఒకటి బిగించారు. మాటలన్నీ ముందే నింపి ఉన్న పెట్టె. మంగళవారం నుంచి బాబాయి ఇంట్లో ఉన్నాడు.

అక్కడి నుంచి ఎనిమిది నెలలు ఆయన మాట్లాడలేదు. మూగనోము పట్టాడని కాదు, కోపమొచ్చిందనీ కాదు. మాట అవసరం ఆయనకి కనిపించలేదంతే. ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే తల ఊపేవాడు. అసలు ఉప్పే వెయ్యలేదండీ అన్నా తల ఊపేవాడు. ఆవిడ మొదటి నెల నవ్వింది, రెండో నెల పోట్లాడింది, మూడో నెల నుంచి ఇంట్లో రేడియో ఆపడం మానేసింది. చదువుకునే రోజుల్లో ఆ బస్టాండులో బస్సులెక్కిన కత్తెర ఆ గొంతు గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, "బాబాయ్, ఒక యంత్రం ఉంది, మాట్లాడతారా?" అని అడిగిన రోజున, ఆవిడ అతనికి ఒకదాని తర్వాత ఒకటి మూడు గ్లాసుల టీ ఇచ్చింది. అతను తాగాడు కూడా.

అదీ ముందు కథ. ఇప్పుడు నాలుగో భాగం ఉత్తరం వచ్చింది.

ఉత్తరం వదిన చదివింది. ఈ భాగంలో మిగిలిన జనం ఏడు ఓడలెక్కి వేరే గెలాక్సీకి వలసపోతారు. ఆరువందల ఏళ్ళ ప్రయాణం, దారంతా నిద్ర. కొత్త ఆకాశం, కొత్త నేల. గొంతుల జాబితాలో నలభై ఒక్క వేషాలున్నాయి. చివరి వరసలో ఆదియంత్రం, దాని ఎదురుగా 'ఇంకా నిర్ణయించలేదు' అని ఉంది.

"అంటే?" అన్నాడు బాబాయి.

"అంటే యంత్రం వాళ్ళ వెనకాల వస్తుందో రాదో వాళ్ళకే తెలీదన్నమాట" అంది వదిన.

"తెలీకపోవడమేంటి వదినా, వస్తుంది!" కత్తెర కుర్చీలోంచి లేచాడు. "కోట్ల ఏళ్ళ ముసలిది అది. ఆరొందల ఏళ్ళంటే దానికి తుమ్మి ముక్కు తుడుచుకున్నంతసేపు."

"నోరే లేదు, దానికి ముక్కెక్కడిదిరా?" అన్నాడు బాబాయి.

"మరీ మంచిది. జలుబు పట్టకుండా చేరుతుంది."

వదిన నవ్వలేదు. "వస్తుందనే నేనూ అనుకుంటున్నా. శత్రుశేషం, అగ్నిశేషం ఉంచకూడదంటారు. వదిలేస్తే అక్కడ దీపాలు పెట్టుకుని, బలగం కట్టి, రేపు తిరిగి రారూ? అంత పాత బుర్రకి ఆ మాత్రం తెలీదా? ఏమంటారు బాబాయ్?"

"ఏమో. దాన్నే అడగాలి" అన్నాడు బాబాయి.

"దాన్ని అడగడమంటే మిమ్మల్ని అడగడమేగా!"

ఆయన తీగ మీద క్లిప్పులు సర్దాడు. కత్తెర, వదిన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిది నెలల సంగతి ఇద్దరికీ తెలుసు. యంత్రం రాకపోతే బాబాయికి మైకు ముందు పనిలేదు. ఆయన గొంతుకి వేరే వేషం నప్పదని ఒకసారి చూసి తెలుసుకున్నారు. కూరగాయలవాడి వేషం ఇస్తే, వంకాయలు అమ్మినట్టు లేదు, వంకాయలకి మరణశిక్ష వేసినట్టుంది.

ఉత్తరంలో ఇంకొక సంగతుంది. కొత్త భాగం మొదలయ్యేముందు ప్రతి భాషవాళ్ళూ ఒక 'మాట పట్టిక' పంపాలి. ఒక్కో పాత్ర ఇంతవరకు ఆ భాషలో ఏమేం చేస్తానంది, ఏం చెయ్యనంది, అవన్నీ వరసగా రాసి పంపాలి. కొత్త కథ పాత మాటకి అడ్డం పడకూడదని. ఆదియంత్రం మాటలన్నీ ఒకచోట ఉన్నది బాబాయి నోటు పుస్తకాల్లోనే కాబట్టి ఆ పని ఆయన మీద పడింది. పది రోజులు గడువు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ గిన్నెలు తోమడం ఆపి, "వెళ్తుంది" అంది.

"ఎందుకెళ్తుంది?"

"మీరెందుకెళ్ళేవారు? పెళ్ళయిన కొత్తలో నేను అలిగి పుట్టింటికి పోతే, ఉండనియ్యండి బాబూ నాలుగు రోజులు అంటే, మూడో రోజుకి సంచీతో దిగేవారు కాదూ!"

"అది వెంటపడటం కాదు. బీరువా తాళంచెవి నీ కొంగుకే ఉండిపోయేది."

"నాలుగుసార్లూనా?"

ఇనుప బాబాయి తల ఊపాడు. ఆవిడకి ఆ తల ఊపు నచ్చలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు కిటికీ పక్క బల్ల మీద పని సాగింది. పన్నెండు నోటు పుస్తకాలు. ఆవిడ చదువుతుంది, ఆయన రాస్తాడు.

"మూడో పుస్తకం. పదిహేడో పేజీ. 'మీ సూర్యుడు మాకు గుర్తున్నాడు.' ఇది రాయాలా?"

"అక్కర్లేదు. గుర్తుండటం మాటివ్వడం కిందికి రాదు."

"పద్దెనిమిది. 'ఆర్పిన చోట మళ్ళీ వెలిగితే మళ్ళీ వస్తాం.'"

"అది రాయాలి. నలభై మూడు." ఆయన పట్టికలో ఆ అంకె వేసి రాసుకున్నాడు.

ఆవిడ వేలు తడిచేసుకుని పేజీ తిప్పింది. ఒక క్షణం ఆగింది. "ఇరవై ఒకటి. 'చిన్నవాళ్ళు పెద్దగా అరుస్తారు...'"

"పద్దెనిమిది తర్వాత ఇరవై ఒకటా?"

"కాగితం అంటుకుపోయింది కాబోలు."

"అయితే విడదీసి చూడు."

"అందులో ఏం లేదండీ. నా కళ్ళజోడు కూడా మార్చాలి, ఎన్నాళ్ళ నుంచో చెప్తున్నా..."

"ఏమోయ్" అన్నాడాయన. అంతే అన్నాడు. గ్రహాలకి కూడా ఆయన అంత మెత్తగా చెప్పి ఉండడు.

ఆవిడ వెనక్కి తిప్పి, బడిపిల్ల పాఠం ఒప్పచెప్పినట్టు గబగబా చదివేసింది. "పంతొమ్మిది. 'ఎదురుచూస్తాం. మేము ఎవరి వెంటా పోము. కావలసినవాళ్ళే మా దగ్గరికి వస్తారు.' అయింది. ఇంక ఇరవై ఒకటి."

ఇనుప బాబాయి కలం కింద పెట్టాడు. ఆ మాట ఆయనకి బాగా గుర్తుంది. దూరదేశపు మాటల్లో ఉన్నది 'ఎదురుచూస్తాం' అని ఒకే ఒక్క ముక్క. యంత్రానికి నోరు లేదు, నుదుటి మీద ఎర్రదీపం ఉంటుంది. మాట సాగినంతసేపు అది మినుకుతుంది. ఆ రోజు దీపం ఐదు క్షణాలు మినికింది. 'ఎదురుచూస్తాం' ఒకటిన్నర క్షణంలో అయిపోయింది. మైకు తెరిచాక నోరు ఊరుకోకూడదన్నది బస్టాండులో ఆయన మొదటి రోజు నేర్చుకున్న పాఠం. ఊరుకుంటే జనం మైకు చెడిపోయిందనుకుని కంగారుగా తలో దిక్కూ పరిగెత్తుతారు. ఆ అలవాటు కొద్దీ మిగిలిన మూడున్నర క్షణాల్లోకి నోటికొచ్చింది పోసేశాడు. పోశాక, పద్ధతి ప్రకారం, ఇంటికొచ్చి రాసుకున్నాడు. ఆ వారం వదిన తన పాపకి జ్వరమని సెలవులో ఉంది. పట్టుకున్నవాళ్ళు లేరు.

"ఎదురుచూస్తాం తర్వాతది వాళ్ళ మాట కాదు, నేను కలిపింది" అన్నాడు భార్యతో.

"మీ సొంతమా! మరింకేం? మీరు పెట్టింది మీరే తీసెయ్యండి." ఆవిడ మొహం విప్పారింది. ఆయన ఊరికే తల ఊపేసరికి మళ్ళీ ముడుచుకుంది. "చూడండి, ఆ పాత ఎనిమిది నెలలు మళ్ళీ పడటం నా వల్ల కాదు. గోడతో అయినా మాట్లాడొచ్చు, అది తలూపదు కనక. తలూపే మనిషితో కాపరం చాలా కష్టమండీ."

ఆయన పట్టికలో నలభై నాలుగు అని అంకె వేసి, దాని పక్కన ఏమీ రాయకుండా వదిలేశాడు. మిగిలిన తొమ్మిది పుస్తకాలు రెండు రోజుల్లో ముగించారు. ఆ అంకె పక్క చోటు అలాగే ఉంది.

గడువు రోజున స్టూడియోకి పట్టిక తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. కత్తెర పాత ఫైలు తీసి వినిపించాడు. 'మేము ఎవరి వెంటా పోము.' స్పాంజి గోడలు కూడా ఒకసారి వణికాయి. కింద టైర్ల కొట్లో ఎవరిదో సుత్తి ఆగింది.

"ఎంత దర్జాగా చెప్పారు బాబాయ్!" అని మెచ్చుకుని, వెంటనే తల పట్టుకున్నాడు కత్తెర. "కూర్చున్న కొమ్మని ఇంత అందంగా నరుక్కున్నవాణ్ణి ఎక్కడా చూళ్ళేదు."

"నరుక్కోవడమెందుకు?" వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అసలులో లేనిది పట్టికలో ఎందుకు రాయాలి? అది మీ సొంత పైత్యం బాబాయ్. తప్పు నాది, ఆ వారం నేను లేను. నలభై నాలుగు కొట్టేసి పంపేద్దాం."

"నేనిప్పుడే ఫైల్లోంచి కూడా కత్తిరించేస్తా. రెండు నిమిషాల పని."

"విన్నవాళ్ళ చెవుల్లోంచి కత్తిరిస్తావట్రా?" అన్నాడు బాబాయి.

కత్తెర మౌసు మీంచి చెయ్యి తీశాడు.

"బస్టాండులో ఒకసారి ఏడో నంబరు ప్లాట్‌ఫారం అనబోయి మూడో నంబరన్నాను. జనం మూటలెత్తుకుని, ముసలివాళ్ళని పట్టుకుని మూడుకి పోయారు. తప్పు దిద్దుకుందామని మళ్ళీ మైకు అందుకుంటే మా పైఅధికారి చెయ్యి పట్టుకున్నాడు. 'నువ్వు దిద్దుకుంటే వాళ్ళు రెండుసార్లు మొయ్యాలి, బస్సుని మూడుకి తెప్పించు' అన్నాడు. ఎండలో ఏడు దాకా పరిగెత్తి, డ్రైవరు చేత తిట్లు తిని, బస్సు తెప్పించా. అప్పట్నుంచీ అదే పద్ధతి. మైకులో పడ్డ మాటకి బస్సు వంగాలి గానీ జనం కాదు." ఆయన గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగాడు. "పదకొండేళ్ళ నుంచి ఆడుతున్నారు పిల్లలు. వాళ్ళకి ఆదియంత్రం ఎవరి వెంటా పోదు. ఇప్పుడు పోయిందనుకో, అది అబద్ధమాడినట్టు. ఎన్ని గ్రహాలైనా తగలబెట్టింది గానీ అబద్ధమాడలేదమ్మా అది."

"మరి మీరేమైపోతారు?" అనేసింది వదిన. అన్నాక నాలుక కరుచుకుంది.

ఇనుప బాబాయి కత్తెర చేతిలోంచి పెన్ను తీసుకుని, నిలబడే, నలభై నాలుగు పక్కన ఆ రెండు వాక్యాలూ లావుపాటి అక్షరాలతో రాశాడు. అలవాటుగా మధ్యలో ఒక ఎర్ర గీత కూడా పెట్టబోయి, అది నీలం పెన్నని చూసి మానుకున్నాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ పట్టిక దూరదేశంలో దిగగానే కంపెనీ పెద్దలు పదహారు అంతస్తులూ ఖాళీచేసి కింద రోడ్డు మీద సమావేశం పెట్టారనీ, అధ్యక్షుడు ఆ వాక్యాలను మన భాషలోనే చదవబోయి నాలుక మెలిపడి మూడు రోజులు పాలతో బతికాడనీ ఇక్కడ వినికిడి. వదిన చేతికి వచ్చింది మాత్రం రెండు వరసల జవాబు. ఆదియంత్రం పాత ఆకాశంలోనే ఉండిపోతుంది. నాలుగో భాగంలో దానికి మాటల్లేవు. బాబాయి వాక్యాల వల్లే అలా తేల్చారా, ముందే తేల్చుకున్నారా అన్నది అందులో లేదు.

ఆ రోజు బుధవారం. బాబాయి జవాబు రెండుసార్లు చదివించుకుని, తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, డబ్బా కత్తెరకిచ్చి బస్సెక్కాడు. ఆయన దిగేలోపే కత్తెర ఇంటికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, యంత్రం రావట్లేదు."

"మీ బాబాయి?"

"వస్తున్నారు."

"ఏమైనా అన్నారా?"

"తలూపారు పిన్నీ."

ఆవిడ ఫోన్ పెట్టేసి రేడియో దుమ్ము తుడిచింది. ఇద్దరి మాటలూ తానే మాట్లాడటానికి సిద్ధపడి గుమ్మంలో నిలబడింది. ఆయన చెప్పులు విడిచి, లోపలికొచ్చి, బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఎండ బాగా ఉందా?"

తల ఊపాడు.

"బస్సులో సీటు దొరికిందా?"

తల ఊపాడు. ఆవిడ గుండె జారి చెప్పుల పక్కన పడింది. రేడియో వైపు నడిచింది. చెయ్యి దాని మీద వేసిందో లేదో, వెనక నుంచి వినిపించింది.

"ఎందుకు రాదో తెలుసా అది?"

ఆవిడ తిరిగి చూడలేదు, చూస్తే ఆగిపోతాడేమోనని. "ఎందుకు రాదు?"

"వెంటపడాలంటే ముందు భయం ఉండాలే. పోయినవాడు ఏం చేస్తాడో, మళ్ళీ బలం కూడగట్టుకుని వస్తాడేమోనని. వదినమ్మ చెప్పింది అదే. అంత ముసలిదానికి భయమేమిటి? పోనీ, కోపమా? కోపమూ లేదు. ఆర్పడం దాని డ్యూటీ. రాత్రి మన వీధిలో లైట్లు ఆర్పే లైన్‌మన్ పక్క ఊరెళ్ళి అక్కడ ఆర్పుతాడా? ఈ ఆకాశం దానిది, ఆ ఆకాశం దానిది కాదు. వాళ్ళెళ్ళిపోయారు. ఇక్కడ వెలుగు తగ్గింది. దాని పని అయిపోయింది. అంతే. పాపం, ఆ వెళ్ళినవాళ్ళకే ఈ సంగతి తెలీదు. ఆరొందల ఏళ్ళు నిద్రలో కూడా వెనక్కి చూసుకుంటూనే ఉంటారు. ఎవరైనా చెప్తే బాగుణ్ణు. ఇటు రా, కూర్చో, పన్నెండు పుస్తకాలూ తియ్యి, మొదటి నుంచి చెప్తా..."

అలా మొదలుపెట్టిన ఇనుప బాబాయి తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు. పాలవాడు వచ్చి విని, పాలు పొయ్యడం మరచి గెలాక్సీల కొలతలు నేర్చుకుని పోయాడు. పక్క వాటా పిల్లి నాలుగో రోజుకి యంత్రం తరఫున వాదించడం మొదలుపెట్టింది. ఒకప్పుడు నెలల తరబడి ఆగని రేడియో సిగ్గుపడి తన తీగ తనే పీక్కుంది. ఇదంతా నిజమేనా అని ఆయన్నే అడిగితే, చదువుతున్న కాగితం పక్కన పెట్టి చెప్పింది ఇది:

"తొమ్మిది రోజులేంటి? గంటన్నర. అందులో ముప్పావు గంట మా ఆవిడే మాట్లాడింది."